మీకు తెలుసా? – విమానయానము, వీడియో టేపులు

విమానాశ్రయమున సామానులను శోధించు ఎక్స్-కిరణ యంత్రమును చూచినంతనే, తాము చిత్రించిన వివాహ దృశ్యములన్నియు టేపునుండి తుడుచుకొనిపోవునని పలువురు భయపడుదురు గాని, కడుగని ఫోటో ఫిల్మును మసకబార్చగల ఆ కిరణములకు, అయస్కాంత కణముల అమరికయందు నిక్షిప్తమైన దృశ్యమును చెరుపు శక్తి లేదు. టేపునకు నిజమైన వైరి బలమైన అయస్కాంతము. అంతకంటె గడుసుది తేమ. చలిప్రదేశమునుండి వచ్చి, ఉక్కపోయు ఊర దిగినవెంటనే కెమెరాను వెలికిదీసినచో, లోపల గిఱ్ఱున తిరుగు హెడ్ డ్రమ్ముపై నీరుపట్టి, 6.35 మి.మీ. వెడల్పు మాత్రమే గల మినీ డీవీ టేపు దానికంటుకొని నలిగిపోవచ్చును. కావుననే పెక్కు కెమెరాలు ఆ చెమ్మను పసిగట్టి, యజమాని ఎంత తొందరపడినను, అది ఆరువరకు పనిచేయ నిరాకరించును! బిగువుగా మూసిన ప్లాస్టిక్ సంచిలోనే కెమెరానుంచి, గది వేడిమికి అలవడిన పిదప తీయుట మేలు. విడి లిథియం బ్యాటరీలను మాత్రము చేతిసంచిలోనే కొనిపోవలెను.