షాట్‌గన్ గురిసాధనాల అమరిక

షాట్‌గన్ గురిసాధనాల అమరిక అనగా, తుపాకితో వచ్చిన గురిపూసకు బదులుగా గాని, తోడుగా గాని, విడిగా కొన్న గురిసాధనాలను బిగించడం. అమెరికాలో రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 వంటి పంప్ తుపాకుల యజమానులలో ఈ పని సర్వసాధారణం.

ఆవశ్యకత

సాధారణ షాట్‌గన్ గొట్టం చివర ఒక చిన్న లోహపు పూస మాత్రమే ఉంటుంది, వెనుక గురి ఉండదు. ఎగిరే పక్షిని కొట్టేటప్పుడు వేటగాని చూపు పక్షిపైనే నిలుస్తుంది. తుపాకి మడమ భుజానికి, చెంపకు ప్రతిసారీ ఒకే చోట ఆనితే కన్నే వెనుక గురిగా పనిచేస్తుంది. మిగిలిన లోటును చెదిరే చిన్న గుళ్ళు పూరిస్తాయి.

స్లగ్ అనే ఒంటి గుండు విషయం వేరు. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లోను, అమెరికాలో కార్ల్ ఫాస్టర్ 1931లోను స్లగ్గులను రూపొందించారు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో జింకల వేటకు రైఫిల్‌ను అనుమతించరు, అక్కడ స్లగ్ వేసిన షాట్‌గన్‌ను వాడతారు. గుండు ఒక్కటే కనుక గురి కొద్దిగా తప్పినా జింక గాయంతో పారిపోయి, ఎక్కడో పడి చనిపోవచ్చు. పూర్తిగా గురి తప్పడం కంటే ఇది ఘోరం.

రకాలు

వెలుతురును గ్రహించి మెరిసే ఫైబర్ పూస అన్నిటికన్నా సులువు. రైఫిల్ తరహా ముందు వెనుక గురులు, వెనుక పెద్ద వలయం గల ఘోస్ట్ రింగ్, ఎర్ర చుక్కను చూపే రెడ్ డాట్ మిగిలినవి.

బిగించే విధానం

ముందుగా తుపాకిలోను, మ్యాగజీన్‌లోను తూటాలు లేవని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. చాలా పూసలు మర తిప్పితే ఊడివస్తాయి. మరల కొలత తయారీదారుని బట్టి మారుతుంది కాబట్టి, కొత్త పూస కొనేముందే ఆ కొలత చూసుకోవాలి. రిసీవర్‌పై ముందే మర రంధ్రాలు ఉంటే రెడ్ డాట్‌కు కావలసిన పట్టాను సులభంగా బిగించవచ్చు. లేనిచోట రంధ్రాలు వేయడం తుపాకుల మరమ్మతు నిపుణునికి వదలడమే మేలు. గొట్టం గోడ పలుచన. మర కొన లోపలికి పొడుచుకువస్తే గుండు దారికి అడ్డుపడి గొట్టం పాడవుతుంది. షాట్‌గన్ వెనక్కి బలంగా తన్నుతుంది, అందుచేత మరలకు పట్టు జిగురు పూస్తారు. రిసీవర్‌ను ఇరుప్రక్కల నుండి పట్టి ఉంచే పట్టాను అతిగా బిగిస్తే పంప్ కదలక మొరాయిస్తుంది.

గురి సరిదిద్దడం

దెబ్బ ఎటు జరగాలో వెనుక గురిని అటే జరపాలి. ముందు గురి విషయంలో ఇది తారుమారు. ముందు పూస ఎత్తు పెరిగితే దెబ్బ క్రిందికి దిగుతుంది. రెండు గురుల మధ్య దూరం 60 సెంటీమీటర్లయితే, 1 మిల్లీమీటరు తేడా 50 మీటర్ల వద్ద సుమారు 8 సెంటీమీటర్ల తేడాగా మారుతుంది. స్లగ్ రకం మార్చిన ప్రతిసారీ గురిని తిరిగి పరీక్షించాలి.