చలికి కుంపటి కన్నా సందులు మూయడం మేలు

సికింద్రాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి ముందు కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీలకు కూడా దిగుతుంది. తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో వేడి ఎక్కువగా పైకప్పు నుంచే పోతుంది. రేకుల ఇల్లయితే రేకుల కింద వెదురు తడిక కట్టి, దానిపై పాత గోనెసంచులు పరవాలి. మధ్యలో నిలిచిన గాలి చలిని ఆపుతుంది. పొయ్యి ఉన్నచోట మాత్రం ఇలా చేయరాదు, నిప్పంటుకుంటుంది. పడకగది తలుపు కింది సందుకు గోనెపట్టా చుట్టి పెట్టాలి. పైన రెండు దుప్పట్లు కప్పుకొని కింద ఒట్టి బండపై పడుకుంటే లాభం లేదు. చాప, దానిపై బొంత వేసుకోవాలి.

1000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ కరెంటు తింటుంది. రోజూ 4 గంటలు వాడితే నెలకు 120 యూనిట్లు!

అన్నిటికన్నా ముఖ్యం, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోకండి. పొగ లేదు కదా అనుకుంటే పొరపాటే. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. ముందు తలనొప్పి, వాంతి, మత్తు; నిద్రలోనే ప్రాణం పోవచ్చు. చలి కాచుకోవాలంటే వాకిట్లోనే కాచుకోండి. నిప్పు ఆర్పి, కుంపటి బయటే వదిలి లోపలికి రండి.