ఆదివారం అబిడ్స్‌లో కెమెరాతో

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఉండేవాళ్లకు సెలవురోజు గడపడానికి కారు అక్కర్లేదు. మేం ఆదివారం పొద్దున్నే నడిచి అబిడ్స్ పోతాం. షట్టర్లు దించిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. మా ఆయన డిటెక్టివ్ నవలలు వెతుకుతారు, పాప బొమ్మల పుస్తకాల దగ్గర కూలబడుతుంది, నేను ఫొటోలు తీస్తాను. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే అట్టల రంగులు బాగుంటాయి. సూర్యుడు నడినెత్తికొస్తే మనుషుల కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. అమ్మేవాళ్లను అడక్కుండా మాత్రం తీయను. అడిగితే చాలామంది నవ్వుతూ నిలబడతారు.

అక్కణ్నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని ఎన్నిసార్లు చూసినా పాపకు తనివి తీరదు.

ఈ ఊరికి ఫొటోల సరదా పాతదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన ఇక్కడ జనానా స్టూడియో పెట్టాడు. లోపల ఫొటోలు తీసింది కూడా ఓ మహిళే, ఇంగ్లిషావిడ. తమ ముఖాన్ని మొదటిసారి కాగితం మీద చూసుకున్న ఆ ఆడవాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జనవరిలోనైతే సాయంత్రాలన్నీ నుమాయిష్ ఎగ్జిబిషన్‌వే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన సంబరమది. ఫోన్‌ని రెయిలింగ్‌కి ఆనించి, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే తిరిగే జెయింట్ వీల్ వెలుగు చక్రమైపోతుంది. నచ్చినవి ప్రింట్ చేయిస్తాను. వెనక తేదీ, చోటు పాప పెన్సిల్‌తో రాస్తుంది.