కొత్తావకాయ తిన్న మధ్యాహ్నం

మే నెలలో రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటల్లో ఒకవైపు చిక్కాలతో కాయ దింపుతుంటారు, మరోవైపు ఇళ్లల్లో ఆవకాయ కలుపుతుంటారు. ఊరీ ఊరని కొత్తావకాయ వేడన్నంలో కలిపితే చెయ్యి ఆగదు. గంట తిరిగేసరికి కడుపులో మంట, పులితేన్పులు. అప్పుడు ఏం చేయాలో తెలియాలంటే ముందు ఆ మంట ఏమిటో తెలియాలి.

మిరపలో మండేది క్యాప్సైసిన్. అది నిజంగా ఏదీ కాల్చదు. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మెదడుకు కబురు పెడుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నాలుక మీదే కాదు, అన్నవాహిక, కడుపు, పేగుల్లోనూ ఇవి ఉన్నాయి. కొత్తావకాయలో ఆవపిండి ఘాటు, పచ్చి మామిడి పులుపు కూడా తోడవుతాయి. అందుకే అది పాత పచ్చడి కన్నా గట్టిగా పట్టుకుంటుంది.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చెంబెడు నీళ్లు తాగినా నోటి మంట తగ్గనిది అందుకే. పెరుగన్నమో, ముద్దపప్పులో నెయ్యో తగ్గిస్తుంది. అయితే నాలుకకు మేలు చేసే నెయ్యే, మోతాదు మించితే కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. పచ్చడి మీద తేలే నూనె సంగతీ అంతే. ముద్దకు చెంచాడు నెయ్యి చాలు, గరిటెడు వద్దు.

తిన్నాక మంట మొదలైతే పులవని పల్చటి మజ్జిగ కొద్దికొద్దిగా తాగండి. పాలు తాగగానే హాయిగా ఉంటుంది గానీ, కాసేపటికి అవే కడుపులో ఆమ్లాన్ని మళ్లీ ఊరిస్తాయి. గోలీసోడా తాగితే తేన్పు వస్తుంది, నిజమే. దాంతోపాటు ఆమ్లమూ గొంతు దాకా వస్తుంది! అన్నిటికన్నా చెడ్డ అలవాటు, తిన్న వెంటనే మంచమెక్కడం. ఎండన పడి వచ్చినవాళ్లకు ఈ మాట రుచించదు, కానీ రెండు మూడు గంటలు ఆగాలి. తప్పదనుకుంటే తలవైపు ఎత్తు చేసుకుని ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. బిగించిన మొలతాడో, బెల్టో వదులు చేసుకోవాలి.

మందుల దగ్గర చాలామంది తికమకపడతారు. డైజీన్, జెలుసిల్ వంటివి ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తాయి, త్వరగా పనిచేస్తాయి. పాంటాప్రజోల్ ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది. తిండికి అరగంట ముందు వేసుకోవాల్సిన బిళ్ల అది. మంట పుట్టాక మింగి వెంటనే తగ్గలేదనడం దాని తప్పు కాదు. ఇలాంటి బిళ్లలను నెలల తరబడి సొంతంగా వాడకూడదు.

కారం తింటే కడుపులో పుండు పడుతుందన్న మాట మన ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. కానీ పుండ్లలో ఎక్కువ భాగానికి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని తేల్చినందుకే ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది. రెండో కారణం నొప్పుల బిళ్లలు. రోజంతా కాయల బుట్టలు మోసి నడుం పట్టేసినవాళ్లు పరగడుపునే డైక్లోఫెనాక్ మింగుతారు. మర్నాడు మంట పుడితే నింద పచ్చడి మీద పడుతుంది. ఉన్న పుండును కారం రేపుతుంది తప్ప, పెట్టింది అది కాదు.

మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించుకోవాలి. అయితే ఐరన్ బిళ్లలు వాడే గర్భిణులకు మలం నల్లబడటం మామూలే.

ఇక ఛాతీ మధ్య బిగపట్టి, చెమటలు పోసి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే అది గ్యాస్ అనుకుని సోడా తెప్పించుకోవద్దు. షుగరు ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, వికారంగానే గుండెపోటు రావచ్చు. 108కి ఫోన్ చేసి, ముందు ఈసీజీ తీయించుకోవాలి. మధ్యాహ్నం ఏం తిన్నారన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.