ఎనభై వేలు, ఎనిమిదేళ్ళు

"ఆటలకే నాన్నా. చదువుకని అబద్ధం చెప్పను" అన్నాడు మా అబ్బాయి.

2025 మే నెలాఖరున, బాపులపాడులో మా ఇంటి అరుగుమీద జరిగిన సంభాషణ యిది. మామిడితోట గుత్త డబ్బు ఆ వేళే చేతికొచ్చింది. మా తాతగారు వేసిన రెండున్నర ఎకరాల తోట. చిన్నరసాలు సగం, బంగినపల్లి సగం. ఆ యేడు మా కాపు పలచన. గుత్తదారు బేరమాడి బేరమాడి చివరకు ఎనభైవేలు యిచ్చి లేచాడు. ఆ ఎనభైవేలకూ మా ఆవిడ ఉగాదినాడే లెక్క కట్టి పెట్టుకున్నది. డాబా కారుతున్నది. వానలు పడేలోగా పైన గచ్చు చేయించాలి. అటువంటి సమయంలో మావాడు ఆటలాడుకునే కంప్యూటరు కావాలంటాడు! వాడికి పంతొమ్మిదేళ్ళు. ఇంజనీరింగు రెండో యేడు.

నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. కంప్యూటరు భాగాలకూ నాకూ వున్న పరిచయం, పొరుగూరి పెళ్ళిలో బంధువులతో వున్నపాటి పరిచయం. అయినా కోపం తెచ్చుకోవడానికి ఆమాత్రం చాలు గదా. కాని కోపం రాలేదు. కారణం వాడన్న మొదటి మాటే. నాకు తెలిసి ప్రతి ఇంట్లోనూ పిల్లలు "ప్రాజెక్టు వర్కు" అనీ "ఆన్‌లైను పాఠాలు" అనీ చెప్పి కొనిపిస్తారు. తరువాత తలుపులు వేసుకుని ఆడుకుంటారు. వీడు తలుపు తీసి చెప్పాడు.

అయితే ఆ విషయంలో మాకొక పాత పుండు వుంది. 2018లో నలభైరెండు వేలు పోసి వాడికి కంప్యూటరు కొన్నాను. ఏ వూళ్ళో ఏ దుకాణమన్నది అప్రస్తుతం. ముందు అద్దం, లోపల రంగురంగుల దీపాలు, వినాయక చవితి పందిరిలా వెలిగిపోయింది. "ఐ-ఫైవ్ అండీ, యిక తిరుగులేదు" అన్నాడు అమ్మినాయన. ఐ-ఫైవ్ అనేది ఇంటిపేరు లాంటిదనీ, అందులో ఎన్నో తరమో అడగాలనీ నాకేం తెలుసు? అది ఏడో తరం. ఎనిమిదో తరం అప్పటికి కొద్ది నెలల ముందే బజారులోకి వచ్చింది. మిగిలిపోయిన సరుకు నాకంటగట్టారు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచీ పైవాటినే, బహు కొద్ది మినహాయింపులతో, తన పంక్తిలో కూర్చోబెట్టింది. మాది గుమ్మం బయటే వుండిపోయింది.

అది చాలదన్నట్టు 2022 మేలో ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చింది. తోటలో కాయ రాలింది. ఇంట్లో కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, మూడోసారి వచ్చేసరికి కంప్యూటరులోనుంచి కాలిన వాసన. పెట్టె విప్పిన కుర్రాడు పవర్ సప్లై తీసి నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టెలాగా తేలిక. దానిమీద పేరున్న కంపెనీ అంటూ ఏదీ లేదు. "ఇది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయిందండీ" అన్నాడు. సరే, బోర్డు మారుద్దామంటే ఆ తరానికి కొత్త బోర్డు దొరకదు. ఎనిమిదో తరం బోర్డుకు గూడు కొలత అదే, పేరూ అదే, 1151. కాని ఏడో తరం ప్రాసెసరును అది ఒప్పుకోదు. ప్రాసెసరు బాగానే వున్నది, కూర్చోవడానికి పీట లేదు! నలభైరెండు వేల సరుకులో మాకు మిగిలింది తెర, కీబోర్డు, మౌసు.

ఈ చరిత్రంతా నేను ఏకరువు పెడుతుండగా మా ఆవిడ లోపలినుంచి వచ్చింది. "డాబా ఎనిమిదేళ్ళుగా కారుతూనే వుంది. ఇంకో యేడు కారుతుంది. వాడికి పంతొమ్మిదేళ్ళు మళ్ళీ వస్తాయా? కొనండి. కాని ఒక్కటే షరతు. ఇది కూడా ఎనిమిదేళ్ళు రావాలి. నాలుగేళ్ళకు మళ్ళీ యింకొకటంటే మీ ఇద్దరినీ ఆ డాబామీదే పడుకోబెడతాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిమిదేళ్ళ షరతు పెట్టగానే లెక్కంతా తలకిందులైంది. అంతవరకూ మావాడు తయారుచేసుకున్న చీటీలో సగానికి పైగా డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే. తెరమీద బొమ్మలను గీసే భాగమది. ఆటలకు ప్రాణం లాంటిదే, కాదనను. కాని ముందుగా ముసలిదయ్యేదీ అదే. మూడు నాలుగేళ్ళకొకసారి ఆటల దర్జా పెరుగుతుంది, కార్డు చిన్నబోతుంది. పవర్ సప్లై, క్యాబినెట్టు, తెర అలా కాదు. మంచివైతే రెండు మూడు కార్డుల జీవితాలను చూసి కూడా పనిచేస్తాయి. మావాడు వాటికి మిగిలిన చిల్లర కేటాయించాడు. పోయినసారి మా కొంప ముంచింది ఆ చిల్లరే.

మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు, టెంక పెట్టి మొలిపించిన నాటుమొక్క మీద రసం కొమ్మ తెచ్చి అంటు కడతారు. వేరు గట్టిదైతే, చెట్టు ముదిరాక కూడా తల నరికి, కొత్త చిగుళ్ళకు మరో రకం అంటు కట్టవచ్చు. మా తోటలో అలా రకం మారిన చెట్లు నాలుగున్నాయి. "ఒరేయ్, తల మార్చుకోవచ్చురా, వేరు మార్చలేం" అన్నాను. వాడు నవ్వి, "అయితే ఎ.ఎం.-5 బోర్డు కొందాం నాన్నా" అన్నాడు. నా ఉపమానం వాడికి అర్థమైంది. వాడి అంకె నాకు అర్థం కాలేదు.

తరువాత వాడే విడమర్చి చెప్పాడు. ప్రాసెసరు కూర్చునే గూడును సాకెట్టు అంటారు. ఎ.ఎం.డి. కంపెనీవారు 2017లో రైజెన్ ప్రాసెసర్లను ఎ.ఎం.-4 అనే గూటికి తయారుచేశారు. 2022లో కూడా అదే గూటికి 5800 ఎక్స్ 3డి అనే గట్టి ప్రాసెసరును విడుదల చేశారు. అంటే అయిదేళ్ళ నాటి బోర్డుమీద, దాని లోపలి ప్రోగ్రామును కొత్తదిగా మార్చుకుంటే చాలు, కొత్త తల అంటు కట్టవచ్చునన్నమాట. ఆ 2022లోనే ఎ.ఎం.-5 వచ్చింది. దాన్ని 2027 దాకా, ఆ పైన కూడా సాగిస్తామని కంపెనీ ప్రకటించింది. అటు ఇంటెల్ వారు 1700 గూటిని మూడు తరాలు నడిపి, 2024లో మరో గూటికి మారారు. ఇందులో కంపెనీల మంచిచెడ్డలు తేల్చడం నా పని కాదు. ఎనిమిదేళ్ళ షరతు తలమీద వున్నవాడికి మాత్రం దారి కనిపించింది.

జూన్ మొదటి వారంలో ఇద్దరమూ హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి బెజవాడ వెళ్ళాం. నాలుగు దుకాణాలు తిరిగాం. సికిందరాబాదు పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటరులో అయితే ధర కాస్త తగ్గుతుందని ఒకరన్నారు. కాని ఏదైనా చెడితే పెట్టె పట్టుకుని అంతదూరం ఎవరు పోతారు? గ్యారంటీ చీటీ బస్సు చార్జీలు భరించదు.

పన్నులతో సహా మా చీటీ యిలా తేలింది. రైజెన్ 5 7600 ప్రాసెసరు పదిహేడువేల అయిదువందలు. బి650 రకం మదర్‌బోర్డు పన్నెండువేలు. 32 జీబీల ర్యాము ఎనిమిదివేల అయిదువందలు. ఒక టెరాబైటు ఎస్.ఎస్.డి. అయిదువేల అయిదువందలు. పవర్ సప్లై ఆరువేల అయిదువందలు. క్యాబినెట్టు మూడువేల అయిదువందలు. గ్రాఫిక్స్ కార్డు యిరవైయారువేల అయిదువందలు. కూడితే సరిగ్గా ఎనభైవేలు. కాఫీలు, బస్సు నా జేబులోవి.

ప్రాసెసరు దగ్గర ఒక వాదం జరిగింది. అదే వరసలో 7500 ఎఫ్ అని రెండు మూడువేలు తక్కువకు వస్తుంది. ఆటల్లో తేడా బహు తక్కువ. కాని 7600లో బొమ్మ చూపించే చిన్న ఏర్పాటు లోపలే వుంది, ఎఫ్‌లో లేదు. రేపు గ్రాఫిక్స్ కార్డు చెడి మరమ్మతుకు పంపితే, ఎఫ్ వున్న యంత్రం తెరమీద ఏమీ చూపించదు. రెండోది ఆటలు తప్ప మిగతా పనులన్నీ చేస్తుంది. పోయినసారి వాసన ముక్కుకు పట్టినవాణ్ణి గనుక నేను పట్టుబట్టాను. దానితోపాటు పెట్టెలోనే గాలి పంకా వస్తుంది, విడిగా కొననక్కరలేదు.

పవర్ సప్లై సంగతి కాస్త వివరంగా మనవి చేస్తాను. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటరు తట్టుకునే 12 వోల్టులుగానూ, యింకా తక్కువగానూ మార్చి పంచిపెట్టేది యిదే. పెట్టెమీద "80 ప్లస్" అనీ, కంచనీ, బంగారమనీ ముద్రలుంటాయి. నేను అవి నాణ్యతకు పతకాలనుకున్నాను. కావట. తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి పంపుతుందో చెప్పే గుర్తులు మాత్రమే. బంగారం ముద్ర వుంటే, సగం బరువుమీద నడిచేటప్పుడు నూటికి సుమారు తొంభై వంతులు లోపలికి చేరుతుంది. అది ఎన్నేళ్ళు బతుకుతుందో, ఆపద వస్తే తాను ఆగిపోయి మిగతావాటిని కాపాడుతుందో లేదో ఆ ముద్ర చెప్పదు. దానికి నేను చూసుకున్న గుర్తు గ్యారంటీ యేళ్ళు. ఏడేళ్ళు రాసిచ్చినదాన్ని తీసుకున్నాం. మా ప్రాసెసరూ కార్డూ కలిసి పూర్తిగా శ్రమిస్తే మూడువందల వాట్లు దాటవు. అయినా 650 వాట్లది కొన్నాం, రేపు వచ్చే పెద్ద కార్డు కోసం. చేతిలోకి తీసుకుంటే బరువుగా వున్నది. ఆ బరువు నాకెంత ధైర్యమిచ్చిందో మావాడికి తెలియదు.

క్యాబినెట్టుకు అద్దం ముఖం వద్దన్నాం. మా మే నెల ఎండకు అద్దం వెనక పంకాలు వూపిరాడక గింజుకుంటాయి. ముందువైపు జల్లెడలాంటి ఇనుప వల వున్నది ఎంచాం. పాత పెట్టెలో వెనక మూయని సందులోంచి బల్లి దూరి గుడ్లు పెట్టింది లెండి. అందుకని ఈసారి సందులన్నీ మూతలతో వున్నాయో లేదో లెక్కపెట్టాను. దుకాణం కుర్రాడు నన్ను అదోలా చూశాడు.

గ్రాఫిక్స్ కార్డులో మావాడిదే గెలుపు. తెర పాతదే, 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలది. దానికి మించిన కార్డు కొంటే గడ్డివాముకు బంగారు కంచె వేసినట్టే. ఆ ధరకు 8 జీబీల జ్ఞాపకమున్న కార్డులు రెండు మూడున్నాయి. వాడు మాత్రం 12 జీబీలున్న ఇంటెల్ ఆర్క్ బి580 అన్నాడు. 2024 డిసెంబరులో వచ్చిన సరుకు. పాత ఆటలు కొన్నింటిలో పేచీ పెడుతుందని దుకాణదారే చెప్పాడు. "కొత్త ఆటలు బొమ్మలన్నీ కార్డులోనే పేర్చుకుంటాయి నాన్నా. ఎనిమిది ముందు చాలకుండా పోతుంది" అన్నాడు మావాడు. ఎనిమిదేళ్ళలో ఒకసారి కార్డు మార్చడం తప్పదని మేమిద్దరమూ మా ఆవిడకు ముందే ఒప్పుకున్నాం. దానికి ముప్ఫైవేలు వేసుకున్నా, మొత్తం లక్షాపదివేలు. యేడాదికి పదమూడువేల ఏడువందల యాభై. నాలుగేళ్ళకొక ఎనభైవేల పెట్టె చొప్పున రెండు కొంటే లక్షా అరవైవేలు గదా.

ర్యాము దగ్గర నేను తప్పాను, ఒప్పుకుంటాను. "16తో మొదలుపెట్టి, వచ్చే యేడు చవకయ్యాక మిగతా 16 వేద్దాం. కంప్యూటరు సరుకు రోజురోజుకూ చవకే గదా" అన్నది నా పాండిత్యం. "జతగా కొన్నవి జతగా పనిచేస్తాయి" అని వాడు వినలేదు. ఆ యేడు ఆఖరుకు లోకమంతా కృత్రిమ మేధ యంత్రాలకోసం పెద్ద పెద్ద భవనాలు కట్టడం మొదలుపెట్టింది. జ్ఞాపకపు చిప్పులు చేసే కంపెనీలు మూడే పెద్దవి: శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్. వారు తమ సరుకు అటు మళ్ళించారు. మనబోటి వాళ్ళకు మైక్రాన్ వారు అమ్మే క్రూషియల్ పేరునే ఆపేస్తామని 2025 డిసెంబరులో ప్రకటించారు. ధరలు కొండెక్కాయి.

ఇంటికి తెచ్చాక భాగాలన్నీ మావాడే బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను. కరెంటు విషయంలో మాత్రం పెత్తనం నాదే. మా ఇన్వర్టరు చదరపు అలల కరెంటు యిచ్చే పాతరకం. ఫ్యాన్లకూ లైట్లకూ సరే. కొత్త రకం పవర్ సప్లైలకు అది పడదని తెలిసి, కంప్యూటరు ప్లగ్గును ఇన్వర్టరు వరసలోంచి తప్పించాం. కరెంటు పోతే ఆట మధ్యలో ఆగిపోతుంది, వాడు గొణుక్కుంటాడు. పెరట్లో ఎర్తు గుంట ఎండిపోయి వుందని ఎలక్ట్రీషియను చెబితే, బొగ్గూ ఉప్పూ కొత్తగా వేయించాను. ఎండాకాలమంతా పొద్దున్నే తులసికి మా ఆవిడ, ఎర్తు గుంటకు నేను, చెరొక చెంబూ నీళ్ళు పోస్తున్నాం.

వానాకాలంలో డాబా తన మానాన తాను కారింది. కంప్యూటరు బల్లను పొడిగా వున్న మూలకు జరిపి, పైన తారు పట్టా కప్పి రోజులు గడిపాం. సంక్రాంతి సెలవుల్లో మావాడు బెజవాడ వెళ్ళి వచ్చి, మనం కొన్న ర్యాము జత యిప్పుడు మూడింతల ధరకు చేరిందని గొప్పగా చెప్పాడు. అరిసెలు తీస్తున్న మా ఆవిడ జల్లిగరిటె పక్కన పెట్టింది.

"ఏమండీ, ఆ రెండు పుల్లలూ అమ్మేస్తే డాబాకి గచ్చు వస్తుందేమో కనుక్కోండి" అన్నది.

మావాడు ఆ రాత్రి కంప్యూటరు గది తలుపు మొదటిసారి లోపల గడియ పెట్టుకున్నాడు.