కొండ దిగు సైకిలు బాట

కొండమీదినుండి సైకిలుపై వేగముగా దిగు పందెము 1976వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఫెయిర్‌ఫాక్సు పట్టణము చెంత జరిగెను. ఇట్టి బాటను నిర్మించి కాపాడు విధమును మేమిచట వివరింపగోరుచున్నాము.

బాటకు ముఖ్యశత్రువు నీరు. మన నాగర్‌కర్నూలు జిల్లాలో చైత్రపౌర్ణమికి సలేశ్వరము లోయలోనికి దిగు యాత్రికులు రాళ్లు తేలిన వాలుదారిని బాగుగా నెరుగుదురు. నిటారుగా దిగు దారిని వాననీరు తన కాలువగా చేసికొనును. సైకిలుపైనుండి పడినవాని మోకాలు మానును గాని, కొట్టుకొనిపోయిన మన్ను మరల రాదు.

కావున బాటను కొండనడుమునకు అడ్డముగా త్రవ్వవలెను. కొండ నూరడుగులకు 20 అడుగులు వాలినచో, బాట 10 అడుగులకు మించి వాలరాదు. పోసిన మట్టిపైగాక, త్రవ్వగా తేలిన గట్టినేలపైననే చక్రము నడవవలెను. మూరెడు వెడల్పునకు సుమారొక అంగుళము లోయవైపు వంచినచో నీరు జారిపోవును. నడుమనడుమ బాటను కొంచెమెక్కించి దింపినచో, మిగిలిన నీరును ఆ పల్లములయందు వెలికిపోవును.

రాకపోకలచే బాట నడుమ గుంటపడి, అంచున మన్ను గట్టుకట్టును. వానకాలమునకు ముందును పిమ్మటను ఆ గట్టును పారతో తీసివేయవలెను. నేల బురదగానున్నపుడు సైకిలు నడపరాదు.

నల్లమలలోని అమ్రాబాదు అడవి పులుల సంరక్షణకై ఏర్పడినది. అచట మనము క్రొత్తబాటలు త్రవ్వరాదు. ఐనను గద్వాల, వనపర్తి ప్రాంతముల గుట్టదారులకును ఈ సూత్రములే వర్తించును. విద్యార్థులారా! రాబోవు వానలో గొడుగు పట్టుకొని మీ యూరి గుట్టదారిని చూడుడు. నీరెచట దారిలో చొచ్చునో, పార పట్టవలసినదచటనే.