ప్రకటనలోని కంప్యూటరు, పెట్టెలోని కంప్యూటరు

బియ్యము కొనబోవువాడు నాలుగు గింజలు అరచేత పోసికొని చూచును. చీర కొనబోవు నామె అంచు పట్టి నలిపి చూచును. కంప్యూటరు కొనువారికి ఇట్టి వీలు లేదు. దాని గుణమంతయు మూసిన పెట్టెలో, కంటికి కానరాని చోట నుండును. అందుచేతనే ఈ వస్తువు విషయమున ప్రకటనకు ఎక్కడలేని బలము కలిగినది. పిల్లల చదువునకై యేండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును తలిదండ్రులు ఒక్కపూటలో వెచ్చింపవలసి వచ్చినపుడు, ఆ ప్రకటన యేమి చెప్పుచున్నదో, యేమి చెప్పక విడుచుచున్నదో తెలిసికొనుట అవసరము.

సొంత కంప్యూటర్లలో నలువది యేండ్లకు పైగా పోటీపడుచున్న కుటుంబములు రెండు కలవు. మొదటిది 1981 ఆగస్టులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన ‘పర్సనల్ కంప్యూటరు’. దానినే పొట్టిగా పీసీ యందురు. యంత్రమునకు మెదడువంటి ప్రాసెసరును ఆ సంస్థ ఇంటెల్ వారివద్దను, యంత్రముచే పని చేయించు ఆపరేటింగ్ సిస్టమును మైక్రోసాఫ్ట్ వారివద్దను తీసికొనెను. అవి ఇతరులకును దొరకుటచే, 1983 నాటికి కాంపాక్ మొదలగు సంస్థలు అట్టి యంత్రములనే చేసి అమ్మసాగెను. పీసీ యనునది ఒక సంస్థ సొత్తు గాక, ఒక జాతి పేరయ్యెను. రెండవది 1984 జనవరి 24న యాపిల్ సంస్థ వెలువరించిన మాకింటాష్. దీని యంత్రమును, ఆపరేటింగ్ సిస్టమును ఒకే సంస్థ రూపొందించును.

అసలు భేద మిదియే. మాకింటాష్ ఒకే యింట వండిన భోజనము వంటిది. పీసీ యన్ననో, తలకొక వంటకము తెచ్చిన వనభోజనము. ఒకే చేతి వంటలో రుచులు పొసగియుండును. కాని వండనిది కావలెనన్న దొరకదు, ఆ యింటివారు చెప్పినదే వెల. వనభోజనములో పేదకును ధనికునకును తగిన వంటకము లుండును; కాని ఒకరి పులుసు మరియొకరి పాయసముతో పొసగకపోవచ్చును.

ఇంత సులువైన సంగతిని ప్రకటనలు చెప్పినవా? ఐ.బి.ఎం. వారు తమ తొలి ప్రకటనలలో చార్లీ చాప్లిన్ దేశదిమ్మరి వేషమును ఒక నటునిచే వేయించిరి. ఆ సంస్థ కొండవంటిది. ఆ బక్క మనిషిని ముందు నిలుపగా జనులకు బెదురు తీరెను. యాపిల్ వారు మరింత సాహసించిరి. 1984 జనవరి 22న అమెరికనుల ఫుట్‌బాల్ అంతిమ పోటీ నడుమ టెలివిజనులో ఒక నిమిషపు ప్రకటన వచ్చెను. దర్శకుడు రిడ్లీ స్కాట్. తలలు గొరిగిన జనులు బారులుగా కూర్చుండి తెరమీది నిరంకుశుని మాటలు వినుచుందురు. ఒక యువతి పరుగున వచ్చి సుత్తి విసరి ఆ తెరను పగులగొట్టును. జార్జి ఆర్వెల్ వ్రాసిన ‘1984’ నవల దీనికి మూలము. ఆ నిరంకుశుడు ఐ.బి.ఎం. యేనని పలువురు గ్రహించిరి.

చూచుటకు అది అద్భుతము. కాని యంత్రము పనిచేయుట అందు ఒక్క క్షణమైనను చూపలేదు. వెల 2,495 డాలర్లనియు, జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లే యనియు చెప్పలేదు. ఆ జ్ఞాపకశక్తి చాలక, ఆ యేటి సెప్టెంబరులోనే యాపిల్ వారు 512 కిలోబైట్ల యంత్రమును తేవలసివచ్చెను. సుత్తిని చూచి ముందుగా కొన్నవారి గతి యేమో మీరే యూహింపుడు.

2006 మొదలు 2009 వరకు యాపిల్ వారు ఇద్దరు మనుష్యులను నిలిపి మాటలాడించిరి. సాదా దుస్తులలోని చురుకైన యువకుడు మాక్. సూటు తొడిగి తడబడుచుండు పెద్దమనిషి పీసీ. చిత్రమేమన, 2006లోనే యాపిల్ వారు తమ యంత్రములలో ఇంటెల్ ప్రాసెసర్లను అమర్చిరి. ఇద్దరికిని మెదడు ఒక్కటే, చొక్కాలు వేరు! ఆపరేటింగ్ సిస్టములలో భేదము నిజమే. విండోసునకు వైరసు బెడద హెచ్చన్నదియు నాడు నిజమే. కాని ఊరిలో నూటికి తొంబది యిండ్లకు ఒకే తాళమున్నచో దొంగ ఆ తాళమునకే మారుచెవి చేయునుగదా, ఆ కారణమును వారు చెప్పలేదు. మైక్రోసాఫ్ట్ వారు 2009లో బదులు పలికిరి. కొనువారి చేతికి సొమ్మిచ్చి, ఆ వెలలో దొరకు లాప్‌టాపును వెదకికొమ్మనిరి. వెల తక్కువ యని చూపిరి. తక్కువ వెలలో తగ్గిన దేమో చూపలేదు.

2020 నవంబరులో యాపిల్ వారు సొంత ప్రాసెసరుగల మాక్‌లను తెచ్చిరి. మరుసటి యేడు ఇంటెల్ వారు పీసీలను పొగడుటకు నియమించిన నటు డెవరో తెలియునా? నాడు మాక్ వేషము వేసిన జస్టిన్ లాంగే!

అట్టమీది అంకెలనుగూడ చదువ నేర్వవలెను. డిస్కు 1 టెరాబైటని యుండును. విండోస్ యంత్రమునకు తగిలించిన సుమారు 931 గిగాబైట్లని చూపును. తక్కిన దానిని ఎవరును దొంగిలింపలేదు. తయారుచేసినవారు గిగాబైటునకు 100 కోట్ల బైట్లని లెక్కించిరి. విండోస్ 1024ను 1024తో, వచ్చినదానిని మరల 1024తో గుణించి, 107 కోట్లకు పైగా లెక్కించును. మాక్ 2009 నుండి 100 కోట్ల లెక్కనే అనుసరించుచున్నది గనుక, ఆ డిస్కునే 1000 గిగాబైట్లని చూపును. కాగితము తీసికొని గుణించి చూడుడు.